అడవి తిండి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: రాయగడ, కొరాపుట్ సంతలకు వెళ్లే తెలుగువారి కోసం

దక్షిణ ఒడిశాలోని రాయగడలో టీచరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. సంత సంచితో ఇంటికి వస్తుంటే ఎవరో ఒకరు ఆపి లోపలికి తొంగి చూస్తారు. ఇదేమి ఆకు, ఆ దుంప ఎలా వండుతారు, తింటే ఏమీ కాదు కదా? విజయనగరం నుంచి వచ్చే చుట్టాలు, బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులు, పక్కింటి కోడళ్లు, అందరివీ దాదాపు ఇవే సందేహాలు. నేను ఇచ్చే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వీటిలో చాలా భాగం సంతలో కూర్చునే కోందు, సవర, పరజ ఆదివాసీ ఆడవాళ్లు నాకు నేర్పినవే. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా రాశాను.

## సంతకు వెళ్లే ముందు

అడవి తిండి అంటే అడవిలో దొరికేది మాత్రమేనా?

కాదు. ఎవరూ విత్తకుండా తనంతట తాను మొలిచి మనిషి తినడానికి పనికొచ్చేదంతా అడవి తిండే. దుంపలు, పుట్టగొడుగులు, తేనె, ఇప్ప పువ్వు, తునికి పళ్లు అడవి నుంచి వస్తాయి. ఆకుకూరల్లో సగానికి పైగా పొలం గట్ల మీద, బీళ్లలో, వాగు ఒడ్డున, చోడి (రాగి) చేలో పైరు మధ్యన మొలుస్తాయి. పీతలు, నత్తలు, చిన్న చేపలు వరి మడుల్లోవే. కొండ మీద ఉండే మనిషికి అడవి, పోడు, పెరడు మూడూ కలిసి ఒకే వంటిల్లు. వాటి మధ్య గీత గీసింది మనమే.

ఇది పేదవాళ్లు గతిలేక తినేది కదా?

ఈ ప్రశ్న నన్ను నొప్పించినంతగా మరేదీ నొప్పించదు. మన అమ్మమ్మలు పొన్నగంటి కూర, గలిజేరు, తూటికూర తిన్నారు. వాళ్లు గతిలేనివాళ్లు కారు. వానాకాలంలో ధాన్యం గాదె అడుగంటినప్పుడు వెదురు కొమ్ములు, ఆకులు, పుట్టగొడుగులు కొండ ఇళ్లను నిలబెడతాయన్నది నిజమే. కానీ పంట నిండుగా పండిన ఏడాది కూడా అదే ఇంట్లో అవే వండుకుంటారు, ఇష్టంగా తింటారు, చుట్టాలొస్తే పెడతారు.

నా తరగతిలో ఒక కోందు పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న దుంపను చేతి మాటున దాచుకుని తినడం చూశాను. ఇది పేదల తిండి అన్న మాట ఎంత దూరం వెళ్లిందో ఆ రోజు తెలిసింది. తిండిని చూసి సిగ్గుపడటం ఒకసారి అలవాటైతే పిల్లలు ఆ మొక్క పేరు అడగడం మానేస్తారు. మరో తరానికి ఆ పేరే ఉండదు.

సంతలో పేర్లన్నీ ఒరియాలో చెబుతారు. తెలుగులో ఏమిటో తెలిసేదెలా?

చాలా మొక్కలు మనకు తెలిసినవే, పేరు మారడం వల్ల గుర్తుపట్టలేకపోతాం. మదరంగా అంటే పొన్నగంటి కూర. కలమ అంటే తూటికూర. థాలకుడి మన సరస్వతి ఆకు. సజనా మునగ, పురుణి గలిజేరు, చకుండా తగిరిస. సియాలి అంటే అడ్డ తీగ. కెందు తునికి, చార మొర్రి, మహుల ఇప్ప, సలప జీలుగు. కరడి అంటే వెదురు కొమ్ము, ఛతు అంటే పుట్టగొడుగు, మాండియా అంటే చోళ్లు.

ఒక్క మాట దగ్గర జాగ్రత్త. తెలుగులో కంద అంటే ఒకే దుంప, మనం పులుసు పెట్టుకునేది. ఇక్కడ కంద అంటే నేలలోంచి తవ్వి తీసే ఏ దుంపైనా కావచ్చు. మా బంధువు ఒకరు కంద అనగానే కొనుక్కుని వెళ్లి మామూలు కందలా వండారు. అది విరిచి, నానబెట్టి, చేదు తీయాల్సిన అడవి దుంప. ముద్ద నోట్లో పెట్టగానే చేదు తగిలి ఉమ్మేశారు కాబట్టి సరిపోయింది.

ఏ కాలంలో ఏమి దొరుకుతుంది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు రాలుతుంది, చింతపండు వస్తుంది. ఎండలు ముదిరాక తునికి, మొర్రి, ఈత, పనస, తరవాత నేరేడు. తొలకరి పడిన పది పదిహేను రోజులకే తగిరిస చిగుళ్లు సంతలో కనిపిస్తాయి. వానాకాలమంతా పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, నీటి ఒడ్డు ఆకులు. చలి మొదలయ్యాక తీగలు పండిపోయి దుంపలు ఊరతాయి, ఉసిరి, రేగు కూడా అప్పుడే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జూలై సంతలు. గొడుగు పట్టుకుని, బురదలో నడుస్తూ వెళ్లాలి.

## సంతలో

ఏ సంతకు వెళ్లడం మంచిది?

నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కోందులు దిగే చాటికొన సంత బుధవారం. కొరాపుట్ వైపు కుందులి సంత శుక్రవారం, అది చాలా పెద్దది. మల్కన్‌గిరి జిల్లాలో బొండాలు వచ్చే అంకాడెల్లి సంత గురువారం. గునుపురం, పర్లాకిమిడి వైపు వెళితే సవరలు తెచ్చే సరుకు చూడవచ్చు. తిండి కొనడానికే అయితే మీ ఊరికి దగ్గరున్న చిన్న సంత చాలు. ప్రతి వారం అదే మనిషి దగ్గర కొంటే నాలుగో వారానికి ఆమే మీకు వంట చెబుతుంది.

తెల్లవారుజామునే వెళ్లాలంటారు, ఎందుకు?

చాలాచోట్ల సంతకు చేరకముందే, దారి మలుపులోనే దళారులు ఆడవాళ్ల తలల మీది బుట్టలు దింపించుకుంటారు. తూకం లేకుండా చేతికి తోచినంత డబ్బు పెట్టి పంపేస్తారు. మనం పదింటికి వెళ్లేసరికి అదే సరుకు రెండు మూడు రెట్ల ధరకు దుకాణంలో ఉంటుంది. పెందలాడే వెళ్లి తెచ్చినవాళ్ల చేతి నుంచే కొంటే ఆ డబ్బు తిన్నగా వాళ్లకు చేరుతుంది.

బేరం ఆడవచ్చా?

ఆకు, దుంప, పుట్టగొడుగు దగ్గర నేను ఆడను. ఇరవై రూపాయల పోగు వెనక ఎంత పని ఉందో చూడండి. చీకటితో లేచి కొండ ఎక్కాలి, మోకాలి లోతు గొయ్యి తవ్వాలి, దుంప తీసి వాగులో కడగాలి, పది పన్నెండు కిలోమీటర్లు మోసుకు రావాలి. దుకాణంలో ప్యాకెట్టు మీద అచ్చు వేసిన ధరను మారుమాట లేకుండా ఇచ్చే మనం ఇక్కడ ఐదు రూపాయల కోసం పట్టుబట్టడం న్యాయం కాదు. చింతపండు, పసుపు, చీపుర్ల వంటివి టోకున కొనేటప్పుడు ధర మాట్లాడుకోండి, తప్పులేదు. తూకం మాత్రం ఇద్దరి కళ్ల ముందూ జరగాలి.

వాళ్ల భాష రాదు. ఎలా మాట్లాడాలి?

సంత ఒరియా నాలుగు ముక్కలు చాలు. పెద్దామెను మావుసి అనండి, ఈడు మనిషిని అపా అనండి. రాయగడ, గునుపురం సంతల్లో చాలామందికి తెలుగు కూడా వచ్చు, అక్కా అంటే పలుకుతారు. కోందులు మాట్లాడే కువి, కూయి భాషలు తెలుగులాగే ద్రావిడ కుటుంబానివి, అందులోనూ తెలుగున్న శాఖలోనివే. సవర భాష మాత్రం ముండా కుటుంబానిది. "కొండోళ్లు" అన్న మాట వాడకండి. ఆమె కోందో, పరజో, గదబో అడిగి తెలుసుకుని ఆ పేరుతోనే చెప్పండి.

ఫోను తీసి ముఖం మీద పెట్టి ఫొటో తీయడం అవమానం. ముందు అడగండి, వద్దంటే ఊరుకోండి. ఒడిశాలో ప్రత్యేకంగా దుర్బలమైనవిగా గుర్తించిన 13 ఆదివాసీ సమూహాలు ఉన్నాయి. డోంగ్రియాలు, బొండాలు, దిదాయిలు, లాంజియా సవరలు వాటిలోనివారే. వాళ్లు సంతకు వచ్చేది సరుకు అమ్ముకోవడానికి.

సంతలో పుట్టగొడుగులు నమ్మి కొనవచ్చా?

తెలిసిన మనిషి దగ్గరైతే కొనవచ్చు. అమ్మే ఆమె తన ఇంట్లో కూడా అవే వండుకుంటుందా అని అడగండి. చెదపుట్టల మీద లేచే తెల్లని, గట్టి కాడ పుట్టగొడుగులు ఇక్కడ అందరూ తినేవే. కొన్నవి ఆ పూటే వండాలి. మర్నాటికి నిలవ ఉంచితే మంచివి కూడా చెడిపోతాయి.

విషముంటే వెండి నాణెం నల్లబడుతుంది, వెల్లుల్లి రంగు మారుతుంది, పురుగు తిన్నదైతే మనిషికీ మంచిదే అని చెప్పే పరీక్షలేవీ పనిచేయవు. వీటిని నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అన్నిటికన్నా ప్రాణాంతకమైన జాతి విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల తరవాతగానీ, ఒక్కోసారి మర్నాడుగానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. మధ్యలో ఒక రోజు తగ్గినట్టు కూడా అనిపిస్తుంది, లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి అడవి పుట్టగొడుగులు తిన్నాక ఏ కాస్త తేడా చేసినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వండగా మిగిలిన ముక్క ఉంటే వెంట తీసుకెళ్లాలి.

## వంటింట్లో

చేదు దుంపలు ఎలా వండాలి?

అడవి దుంపలన్నీ చేదు కావు. కొన్నిటిని నేరుగా నిప్పుల్లో కాల్చుకుని, పొట్టు ఊదుకుంటూ తినవచ్చు. చలికాలం సాయంత్రం దానికి మించిన తిండి నాకు తెలియదు. మీ చేతిలోని దుంప ఏ రకమో అమ్మినామెనే అడగాలి, ఊహించకూడదు.

చేదు రకాలను పలచని బిళ్లలుగా తరిగి, బూడిద నీళ్లలోనో చింతాకుతోనో ఉడికించి, వార్చి, వెదురు బుట్టలో పెట్టి పారే వాగులో రాత్రంతా ఉంచుతారు. మరీ విషమున్న మూడాకుల తీగ దుంపను రెండు మూడు రోజులు పారే నీటిలోనే ఉంచాలి. అందులోని విషం నరాల మీద పనిచేస్తుంది. నీరు దాన్ని కడుక్కుపోవాలి, గిన్నెలో నిలవ నీళ్లలో నానబెడితే ఆ పని జరగదు. పట్నం ఇంట్లో వాగు ఎక్కడిది? అందుకే కొత్తవాళ్లకు నా సలహా ఒకటే: చేదు తీసి, ఉడికించి అమ్మే బిళ్లలే కొనండి. వండేముందు ఒక ముక్క నాలుకకు తాకించండి. లేశమంత చేదున్నా పారేయండి.

ఈ పద్ధతిని ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఎన్నో తరాల ఆడవాళ్లు ఏ తీగకు ఎన్ని రాత్రులు కావాలో లెక్క కట్టి, కూతుళ్లకు చెప్పి, నిలబెట్టిన శాస్త్రమిది. దీన్ని శాస్త్రం అనడానికి నేను వెనుకాడను.

వెదురు కొమ్ములు పచ్చివి వండితే ప్రమాదమా?

అవును. పచ్చి కొమ్ములో కడుపులోకి వెళితే సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. పొరలు ఒలిచి, సన్నగా తరిగి, మూత తీసి బాగా ఉడికించి ఆ నీళ్లు వార్చేయాలి. రెండోసారి కొత్త నీళ్లతో ఉడికిస్తే నిశ్చింత. ఆ తరవాత చింతపండు, పచ్చిమిరప, కాస్త నువ్వుపిండి వేసి కూర చేయండి, లేదా శనగపప్పుతో వండండి. పులియబెట్టి ఎండబెట్టిన కొమ్ములు కూడా సంతల్లో అమ్ముతారు. వాసన ఘాటుగా ఉంటుంది, చేపల పులుసులో చిటికెడు చాలు.

ఈ ఆకులకు మన తాలింపు నప్పుతుందా?

నప్పుతుంది, కానీ తక్కువగా. నేను మొదట్లో నూనె, ఎండుమిరప, మినపప్పు అన్నీ వేసి ఆకు రుచి చంపేసేదాన్ని. సంతలో ఆకులమ్మే పెద్దామె ఒకరు నేర్పిన పద్ధతి ఇది. ఎసరులో గుప్పెడు నూకలు వేసి, ఉడుకుతుండగా ఆకు, ఉప్పు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిరప వేసి దించేయాలి. చోడి అంబలి పక్కన అది చాలు. తగిరిస చిగుళ్లు లేతవే వాడాలి, ముదిరితే చేదు, వాసన. అడవి చేమ ఆకులూ కాడలూ గొంతు దురద పెడతాయి. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే తగ్గుతుంది.

ఎర్రచీమల పచ్చడి నిజంగా తింటారా?

తింటారు, నేనూ తిన్నాను. మామిడి, గుగ్గిలం చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలివి. గూటిని నీళ్లలో ముంచి, చీమలనూ గుడ్లనూ వేరు చేసి, ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లితో రోట్లో నూరుతారు. చీమలోని ఆమ్లం వల్ల నిమ్మకాయ పిండినట్టు పుల్లగా ఉంటుంది. మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన సిమిలిపాల్ కాయి (ఎర్రచీమ) పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పురుగు కాటుకు ఒళ్లు దద్దురు తేలేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లవద్దు.

అడ్డపిక్కలు ఏమి చేసుకోవాలి?

అడ్డాకు విస్తళ్లు కుట్టే తీగ కాయల్లోని గింజలే అడ్డపిక్కలు. కాయను నిప్పుల్లో వేస్తే పెటిల్లున పేలి గింజలు బయటపడతాయి. వేయించుకునీ, ఉడకబెట్టుకునీ తింటారు. వేరుశనగకు దగ్గర రుచి. పచ్చివి తినకండి.

ఇప్ప పువ్వు అంటే సారాయే కదా?

సారా దాని పనుల్లో ఒకటి మాత్రమే. రాత్రి రాలిన పువ్వులను తెల్లవారకముందే ఏరి, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకుంటారు. చక్కెర నిండుగా ఉండే ఆ పువ్వులను ఉడకబెట్టి అన్నంలో, అంబలిలో కలుపుకుంటారు, వేయించి నువ్వులతో దంచి ఉండలు కడతారు. గింజల నుంచి తీసే నూనె వంటకూ ఒంటికీ వాడతారు. ఇప్ప చెట్టును కొట్టడం ఏ కోందు ఊళ్లోనూ నేను చూడలేదు. పొలం మధ్యలో ఉన్నా నాగలిని చుట్టూ తిప్పుకుంటారు.

మామిడి జీడి అంబలి తింటే చనిపోతారని విన్నాను. నిజమేనా?

జీడి తినదగినదే. టెంక పగలగొట్టి, జీడి తీసి, పారే నీటిలో వగరు పోగొట్టి, ఎండబెట్టి, దంచి అంబలి కాచుకోవడం పాత అలవాటు. సరిగా ఎండకపోయినా, వానాకాలంలో తేమ తగిలినా బూజు పడుతుంది, ఆ బూజు విషం. 2001లో ఇదే రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో జీడి అంబలి తాగి పలువురు చనిపోయారు. అప్పట్లో కొందరు ప్రభుత్వ పెద్దలు అది వాళ్ల ఆహారపు అలవాటని చెప్పి తప్పించుకోచూశారు. బియ్యం ఉన్న ఇంట్లో బూజు పట్టిన జీడిని ఎవరూ వండరు. అక్కడ చంపింది ఖాళీ గాదె.

అదే ఏడాది సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు మొదలైంది. ఆ నవంబరులోనే బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని కోర్టు ఆదేశించింది. మా బడిలో గంట కొట్టగానే పిల్లలు పళ్లాలతో బారులు తీరినప్పుడల్లా నాకు కాశీపూర్ గుర్తుకొస్తుంది. అడవి తిండి రేషను బియ్యానికి బదులు కాజాలదు. రెండూ ఉండాలి.

## పిల్లలు, గర్భిణులు, ఆరోగ్యం

చిన్నపిల్లలకు పెట్టవచ్చా?

మీకు తెలిసిన ఆకుకూరలు, పళ్లు, చోడి జావ నిస్సందేహంగా పెట్టవచ్చు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది అందులో చాలా చిన్న వంతే. చేదు దుంపలు, అడవి పుట్టగొడుగులు, మామిడి జీడి ఐదేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ పెట్టకండి. పెద్దవాళ్లు తట్టుకునే పొరపాటును వాళ్లు తట్టుకోలేరు.

రక్తం తక్కువగా ఉంది. ఈ ఆకులతో సరిపోతుందా?

ఆకులతోబాటు ఉసిరి, నిమ్మ, చింత వంటి పులుపు ఉంటే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం మీద వెంటనే టీ తాగితే పట్టదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం మానవద్దు.

## అడవి, హక్కులు

మేమే అడవికి వెళ్లి కోసుకు తెచ్చుకోవచ్చా?

ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లకండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం తేనె, దుంపలు, వేళ్లు, వెదురు, తునికాకు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం అక్కడి ఆదివాసులదీ, తరతరాలుగా అడవి మీద బతుకుతున్న ఇతరులదీ. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే ఆదివాసుల రక్షణ కోసం రాజ్యాంగం కింద గుర్తించినవి. పట్నంలో ఉద్యోగం చేసుకునే మనకు అక్కడ హక్కు లేదు, అతిథిగా వెళ్లే అవకాశం మాత్రమే ఉంది. హక్కు చేతికొస్తే ఏమవుతుందో చూడాలంటే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం ఉంది. 2009లో సామూహిక అటవీ హక్కు పొంది, ఆ తరవాత తమ వెదురును గ్రామసభే అమ్ముకుంది.

ఇంకో సంగతి. దుంప తవ్వేవాళ్లు తీగ మొదలున్న తలభాగాన్ని మళ్లీ గోతిలో పెట్టి మన్ను కప్పుతారు, వానకు అది చిగురిస్తుంది. మామిడి కొత్త పండుగ జరగనిదే ఆ ఏటి కాయ ముట్టరు. ఈ కట్టుబాట్లు తెలియని చెయ్యి ఒక్క రోజులో కొండను ఖాళీ చేయగలదు.

నియమగిరి గొడవకూ తిండికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఆ కొండల్లో బాక్సైటు (అల్యూమినియం ఖనిజం) తవ్వకం మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో 12 గ్రామాలు సభలు జరిపాయి. పన్నెండూ వద్దన్నాయి. కొండ తమ దేవుడు నియమరాజుదని డోంగ్రియాలు చెప్పారు. ఆ కొండ మీది ఊటలు, పనస, అనాస, పసుపు, అల్లం, దుంపలు వాళ్ల బతుకు. ఆ ఊటల నీళ్లు వంశధారలో కలుస్తాయి కాబట్టి, శ్రీకాకుళం జిల్లాలో వరి పండించే మన చుట్టాలకు కూడా ఆ పన్నెండు సభలతో సంబంధం ఉంది.

అడవి మాంసం అమ్ముతామని ఎవరైనా అంటే?

కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్నవారికీ శిక్ష ఉంటుంది.

## అమ్మకం చేయదలిస్తే

ఇక్కడి నుంచి విశాఖకు పంపి వ్యాపారం చేయాలనుకుంటున్నాను. మంచి ఆలోచనేనా?

ఏ సరుకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. చింతపండు, ఉసిరి, కొండ చీపుర్లు, అడ్డాకు విస్తళ్లు, పసుపు, అనాస, చోళ్లు, సామలు ధైర్యంగా అమ్మండి. ఇవి అమ్మకానికే వస్తాయి, చెట్టుకూ ఇంటికీ లోటు ఉండదు. అడవి దుంపలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు పెద్ద ఎత్తున పంపవద్దని చేతులు జోడించి అడుగుతాను. పట్నంలో వాటికి గొప్ప పేరు వచ్చి ధర పెరిగిందంటే, తల్లి వాటిని పిల్లల పళ్లెంలోంచి తీసి బుట్టలో వేస్తుంది. ఒక కొమ్ము తెంచితే ఒక వెదురు పోయినట్టే. ఊరి అవసరం తీరాక మిగిలినదే సరుకు అన్న నియమం పెట్టుకోండి.

తరవాత అప్పు సంగతి. చింతపండు కాయగా ఉన్నప్పుడే వ్యాపారి కొంత డబ్బిచ్చి చెట్టును పట్టేసుకుంటాడు. కాపు వచ్చాక తాను చెప్పిందే ధర. మీరు ఆ దారిలో వెళ్లకండి. మహిళా సంఘం ద్వారా కొనండి, తూకం రాసిన చీటీ ఇవ్వండి, డబ్బు ఆ రోజే ఇవ్వండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో మొదలైంది, ఆదివాసులు అటవీ సరుకును శుద్ధి చేసి అమ్ముకునే వన్‌ధన్ కేంద్రాలు 2018లో వచ్చాయి. కొనేముందు ఆ ఏటి మద్దతు ధర కనుక్కుని, దానికి తగ్గకుండా ఇవ్వండి. గింజ తీసిన చింతపండుకు, గింజ ఉన్నదానికీ ధరలో తేడా ఉంటుంది. ఆ గింజ తీసే పని ఊళ్లోనే జరిగితే ఆ తేడా ఊళ్లోనే నిలుస్తుంది.

"అడవి నుంచి నేరుగా", "ఆదివాసీ అద్భుతాహారం" అని పేరు పెట్టి అమ్మవచ్చా?

అద్భుతాలు చెప్పకండి. ఊరి పేరు, కోసిన నెల, వండే పద్ధతి రాయండి. రోగాలు నయమవుతాయని రాయడం మోసం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (FSSAI) కింద నమోదు కూడా చిన్న వ్యాపారానికైనా తప్పనిసరి.

## కరవవుతున్న సంగతి

పదేళ్ల కిందట దొరికిన ఆకులు ఇప్పుడు కనిపించవేమి?

పత్తి చేలు చూడండి. రాయగడ జిల్లాలో గునుపురం, బిస్సంకటక్, మునిగుడ వైపు చోళ్లు, సామలు, కందులు కలిపి వేసే నేలలు పత్తికి మారాయి. అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం దొంగచాటుగా అమ్ముతున్నారు. దాని వెంట గ్లైఫోసేటు అనే కలుపు మందు వచ్చింది. పత్తి తప్ప పచ్చగా ఉన్నదంతా మాడిపోతుంది. ఆ మాడిన కలుపులోనే పొన్నగంటి, తగిరిస, గలిజేరు ఉన్నాయి. మనం కలుపు అనేది కొండ మనిషికి కూర. మందు కొట్టిన గట్టు మీది ఆకు కొనకండి, ఎక్కడ కోశారని తప్పకుండా అడగండి. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేటు వాడకాన్ని శిక్షణ పొందినవారికే పరిమితం చేసింది. చేలల్లో మాత్రం అది ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో ఉంది.

కాగితపు గుజ్జు కోసం నీలగిరి తోటలు వేయడం మరో కారణం. నీలగిరి కింద దుంప తీగ పాకదు, పుట్టగొడుగు లేవదు.

చోళ్లు, సామలు పండించేవాళ్లకు ఏదైనా అండ ఉందా?

ఉంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. జయపురం ప్రాంతం వరి పుట్టిళ్లలో ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతారు. కొరాపుట్ కాలజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ జిల్లా పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి బడి ముఖం చూడని ఆదివాసీ మహిళ. దేశవాళీ వరి విత్తనాలను ఏళ్ల తరబడి కాపాడినందుకు 2019లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూలైలో కన్నుమూశారు. నా ఆరో తరగతి పిల్లలకు ఆమె గురించి ఏటా చెబుతాను.

పెరట్లో పెంచుకోవచ్చా?

పొన్నగంటి, సరస్వతి ఆకు, గలిజేరు కాడ గుచ్చితే బతుకుతాయి. కాల్చుకు తినే దుంపల తీగను కంచె మీదికి పాకించవచ్చు. మునగ సరేసరి. అడ్డ తీగ, ఇప్ప, జీలుగు పెరడుకు పెద్దవి, వాటిని వాటి చోటనే ఉండనివ్వండి.

వాళ్లు చెప్పిన పేర్లు, వంటలు రాసి పెట్టుకోవడం తప్పా?

తప్పు కాదు, అడిగి రాసుకుంటే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య సమితి ఉండాలి, ఊరి మొక్కల గురించి, వాటి వాడకం గురించి ప్రజలే ఒక పుస్తకం నింపుకోవాలి. మీరు రాసుకున్నదాని నకలు ఒకటి ఆ సమితికి ఇవ్వండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే, పక్కనే రాయండి.

నేను మా బడిలో అరవై పేజీల నోటుపుస్తకం పెట్టాను. పిల్లలు ఇంట్లో అమ్మమ్మలను అడిగి ఒక్కో పేజీకి ఒక్కో మొక్క రాస్తారు. కువిలో, ఒరియాలో, తెలుగులో పేర్లు, ఏ నెలలో దొరుకుతుంది, ఎలా వండాలి. కువి మాటలు కూడా ఒరియా లిపిలోనే రాసుకుంటున్నారు. దుంపను చేతి మాటున దాచుకున్న పిల్ల తమ్ముడు ఇప్పుడు ఏడో తరగతి. మొన్న వాడు రాసిన పేజీలో చేదు దుంపకు రెండు రాత్రులు అని రాశాను, దిద్దుతూ. మర్నాడు వాడు వాళ్ల అమ్మమ్మను వెంటబెట్టుకు వచ్చాడు. ఆమె నా పక్కన కూర్చుని, వేళ్లు మడిచి, మూడు అని చూపించింది. నేను రాసినది కొట్టేసి మూడు రాత్రులు అని మళ్లీ రాశాను.